పటము మీది భూస్వాములు



క్రిందటి దసరా సెలవులలో ఒకనాటి సాయంకాలము మా వసారాలో నలుగురము కూర్చుండి రెండు గంటల కాలములో లండను నగరమును దాదాపు పూర్తిగా కొనివేసితిమి. కొన్నవారిలో ఒకరు ముప్పది యేండ్లు లెక్కలు చెప్పి ఇప్పుడు విశ్రాంతి తీసికొనుచున్న మేష్టారు. ఒకరు మా యెదురింటి ప్లీడరుగారు. మూడవవాడు మా బావ, అనగా మా యింటావిడకు అన్నగారు. ఊర కిరాణా వ్యాపారము చేయుచున్నాడు. నాలుగవవాడను నేను. మేష్టారు నేటికిని అద్దె యింటిలో కాపురమున్నవారే యైనను, ఆ రాత్రి మా అందరి చేతను అద్దె కట్టించినవారు ఆయనయే. బయట ముసురు పట్టియుండెను. పిల్లలు నిద్రపోయిరి. మా యింటావిడ బ్యాంకు పెత్తనము వహించెను.

ఆ ఆట పేరు మొనాపలీ. గుత్త యని ఆ మాటకు అర్థము. మన దేశమున బొంబాయి, కలకత్తా, ఢిల్లీ మొదలగు నగరముల పేర్లు గడులలో అచ్చువేసి, ‘బిజినెస్’ అను పేర అమ్మెడి ఆట దీనికి తమ్ముడు. వేసవి సెలవులలో ఆ ఆట యాడి తగవులాడుకొన్న అన్నదమ్ములు మన యిండ్లలో పెక్కుమంది గలరు. మా యింటనున్నది మాత్రము లండను వీధుల పటము. మా మేనల్లుడొకడు అక్కడినుండి వచ్చుచు తెచ్చి యిచ్చినది.

ఎరుగనివారి కొరకు రెండు మాటలు. చదరపు అట్ట, దాని నాలుగు అంచుల వెంబడి 40 గడులు. వానిలో 22 వీధులు. అవి రెండేసి, మూడేసి చొప్పున ఎనిమిది రంగులుగా విభజింపబడినవి. నాలుగు రైల్వే స్టేషనులు, ఒక విద్యుత్తు కంపెనీ, ఒక నీటి కంపెనీ కలవు. తక్కినవి పన్నులు, అదృష్టపు చీట్లు, నాలుగు మూలలు. ఒక్కొక్కరికి 1,500 పౌనుల కాగితపు సొమ్ము నిత్తురు. రెండు పాచికలు వేసి, పడిన సంఖ్య చొప్పున కాయను నడపవలెను. ఎవరును కొనని వీధిలో దిగినచో కొనవచ్చును. పరుని వీధిలో దిగినచో అద్దె చెల్లింపవలెను. ఒక రంగు వీధులన్నియు చేజిక్కినవాడు వానిపై ఇండ్లు కట్టును. నాలుగిండ్లు నిండిన పిమ్మట హోటలు కట్టును. చుట్టు తిరిగి మొదటి మూలను దాటినవారికెల్ల బ్యాంకు 200 పౌనుల జీతమిచ్చును. తక్కినవారందరును దివాలా తీయగా మిగిలినవాడే గెలిచినవాడు.

ఆరంభమునందే ఒక తగవు వచ్చెను. పన్నులును జరిమానాలును పటము నడుమ పోగుచేసి, ‘ఉచిత విడిది’ అను మూలలో దిగినవానికి ఆ కుప్ప నంతయు నిచ్చుట మా బావ యింటి ఆచారము. మేష్టారు పెట్టెలోని నియమముల కాగితమును తీసి, కళ్లజోడు సవరించుకొని, మొదటినుండి కడవరకు చదివిరి. అట్టి నియమమెక్కడను లేదు. ఆ మూల వట్టి విశ్రాంతి స్థలము. అంతియకాదు, దిగినవాడు కొననొల్లని వీధిని బ్యాంకు వెంటనే వేలము వేయవలెనని యందున్నది. ఇది మాలో నొక్కరికిని తెలియదు.

“ఇన్నేళ్లూ మేమాడినది తప్పాటేనా మేష్టారూ?” అని బావ అడిగెను.

“తప్పు కాదు నాయనా, దీర్ఘాట,” అనిరి మేష్టారు.

ఆ మాట యథార్థము. ఈ ఆట తెల్లవార్లు సాగునని చాలమంది విసుగుకొందురు. ఆ దోషము పెక్కు తావుల ఆటది కాదు, ఇండ్లలో పుట్టిన ఆచారములది. పన్నులు బ్యాంకునకు పోయినచో ఆటలోని సొమ్ము తరుగుచుండును. దానిని కుప్పగా తిరిగి పంచినచో మునుగవలసినవాడు తేలును. తేలినవాడు మరియొక గంట కొట్టుకొనును. వేలము లేకున్నచో వీధులు అమ్ముడుపోక యెదురుచూచుచుండును. కాగితమును చదివి యాడుటయే త్వరగా ముగించుటకు మందు.

ఆట నడచెను. నాకు లేతనీలపు వీధులు మూడును చేరినవి. ప్లీడరుగారు ఎఱ్ఱ రంగును పట్టిరి. బావ చేత మేఫేరు పడెను. పటమంతటిలో మిక్కిలి ఖరీదైన వీధి యది, ధర 400. దానికి జతయైన పార్క్ లేను మేష్టారి చేతనుండెను. బావ మనసు దానిమీదికి పోయెను. అతని యొద్ద నారింజ రంగు వీధి యొకటి, బౌ స్ట్రీటు, వృథాగా పడియుండెను. ఆ రంగులో తక్కిన రెండును మేష్టారివి. బౌ స్ట్రీటు ధర 180. పార్క్ లేను ధర 350. బౌ స్ట్రీటును, పైన 100 పౌనులను ఇచ్చెదనని బావ యనెను. మేష్టారు కొంత తడవు ఆలోచించినట్లు కనబడి, సరేయనిరి. బావ నా వంక చూచి కన్ను గీటెను. కిరాణాకొట్టులో అట్టి బేరము కుదిరిననాడు అతడు అందరికి సోడాలు తెప్పించును.

గంట గడచునప్పటికి మేఫేరులోను, పార్క్ లేనులోను రెండు హోటళ్లు లేచినవి. మేఫేరు హోటలులో దిగినవాడు 2,000 పౌనులిచ్చుకొనవలెను. మేము ప్రాణములు బిగబట్టుకొని ఆ ప్రక్కగా పోవుచుంటిమి; కాని చిత్రముగా నెవ్వరమును అందు దిగలేదు. మేష్టారి నారింజ వీధులలో మాత్రము రెండేసి పర్యాయములు దిగితిమి. అచట అద్దె ఏడెనిమిది వందలకు మించదు గాని, మరల మరల చెల్లించినవానికే దాని రుచి తెలియును.

ఇది దైవయోగమని బావ యనెను. కాదు, లెక్కయని మేష్టారనిరి. ఆ లెక్కను మీకును చెప్పెదను.

పటముమీద కాయలు ఎక్కువగా నుండు గడి జైలు. అచటికి పోవుటకు మూడు త్రోవలున్నవి: జైలునకు పొమ్మను మూలలో దిగుట, అట్టి ఆజ్ఞ గల చీటి తగులుట, వరుసగా మూడుమారులు రెండు పాచికలును ఒకే అంకెను చూపుట. పోయిన పిమ్మట వెలువడవలెను గదా. వెలువడువాడు రెండు పాచికలు వేయును. రెండు పాచికలు 36 విధములుగా పడును. అందు ఆరు పడుటకు 5 విధములు, ఎనిమిది పడుటకు 5, తొమ్మిది పడుటకు 4, మొత్తము 14. జైలునుండి ఆరవ గడి బౌ స్ట్రీటు; ఎనిమిదవది మార్ల్‌బరో స్ట్రీటు; తొమ్మిదవది వైన్ స్ట్రీటు. మూడును నారింజ రంగువే. అనగా 50 పౌనులు చెల్లించి జైలు విడచిన ప్రతివాడును ఇంచుమించు అయిదింట రెండుపాళ్లు తొలియడుగుననే మేష్టారి గుమ్మములో కాలు పెట్టుచున్నాడన్నమాట. మేఫేరు కథ వేరు. జైలునకు పొమ్మను మూలను దాటిన తరువాత అది యున్నది. ఆ మూలలో చిక్కినవాడు మేఫేరువైపునకు రానే రాడు.

ఇందొక వేడుక గలదు. నిజమైన లండనులో బౌ స్ట్రీటు, మార్ల్‌బరో స్ట్రీటు మెజిస్ట్రేటు కోర్టులకును, వైన్ స్ట్రీటు పోలీసు ఠాణాకును పేరు పొందినవి. జైలు విడచినవాని దారిలో ఆ మూటినే నిలిపినారు. ప్లీడరుగారు ఈ సంగతి విని మిక్కిలి సంతసించిరి. ఆట ముదిరిన పిమ్మట జైలులో కూర్చుండుటయే క్షేమమని కూడ ఆయన కనిపెట్టిరి. లోపల నున్నవాడు ఎవరి వీధిలోను దిగడు గాని తన అద్దెలను మాత్రము వసూలు చేసికొనును. “నా కక్షిదారుల కెన్నడూ చెప్పని సలహా యిది,” అని, పాచికలు జంటగా పడినప్పుడెల్ల ముఖము చిట్లించిరి.

మేష్టారి రెండవ యుక్తి మరింత సూక్ష్మమైనది. పెట్టెలో ఇండ్లు 32, హోటళ్లు 12 మాత్రమే యుండును. ఆయన మూడు వీధులలోను నాలుగేసి ఇండ్లు కట్టి ఆగిపోయిరి. హోటళ్లు కట్టలేదు. కట్టినచో 12 ఇండ్లు తిరిగి బ్యాంకునకు చేరును. అవి పరులకు ఉపయోగపడును. నా వీధులలో 12, ప్లీడరుగారి వీధులలో 8. లెక్క సరిపోయెను, బ్యాంకులో ఒక్క ఇల్లును మిగులలేదు.

అట్టి సమయమున బావ కాయ వైన్ స్ట్రీటులో దిగెను. అద్దె 800. చేతిలో 90. హోటలును తగ్గించి నాలుగిండ్లుగా మార్చుకొని నూరు పౌనులు పుచ్చుకొందునని, తక్కినది తాకట్టు పెట్టుదునని అతడు ధైర్యముగానే యుండెను. ఇండ్లేవి? బ్యాంకులో లేవు. లేనిచో హోటలును అడుగంట అమ్మవలెను. ఒకే రంగు వీధులలో కట్టడములు సమముగా నుండవలెనను నియమము చేత రెండును పోవలెను. రెండువేలు పెట్టి కట్టినవానికి బ్యాంకు సగమే యిచ్చును.

“చెల్లాయీ, ఒక్క ఇల్లు అప్పియ్యవే,” అని బావ బ్రతిమాలెను.

“అన్నయ్యవి కనుక టీ యిస్తాను. బ్యాంకు సంగతి మాత్రం అడగకు,” అని ఆవిడ వెయ్యి పౌనులు లెక్కించి బల్లపై పెట్టెను.

బావ నవ్వుటకు ప్రయత్నించెను గాని చాలలేదు. కాగితపు సొమ్మేయని అందరికిని తెలియును. అయినను అతని చెవులు ఎఱ్ఱబడినవి. మేష్టారు ఆ ఎనిమిది వందలను పుచ్చుకొనుచు తలయెత్తలేదు. ఆ క్షణమున నాకొక సంగతి స్ఫురించెను: ఈ ఆటను మొదట కల్పించినవారు కోరినది సరిగా ఈ యెఱ్ఱబడిన చెవులనే.

ఆ చరిత్ర చెప్పవలసియున్నది.

ఈ ఆటను కల్పించినది ఒక స్త్రీ. పేరు ఎలిజబెత్ మేగీ. అమెరికాలో ఇల్లినాయి రాష్ట్రమున 1866లో జనించినది. ఆమె తండ్రి పత్రికాధిపతి, బానిసత్వమును ఎదిరించినవాడు, అబ్రహాం లింకను వాదములు సలుపుచు ఆ రాష్ట్రమున తిరిగినప్పుడు వెంట తిరిగినవాడు. కుమార్తె షార్టుహ్యాండు వ్రాయు ఉద్యోగమున జీవించెను. స్త్రీలకిచ్చు జీతములు ఎంత హీనములో లోకమునకు తెలియుటకై ఆమె 1906లో, తాను యువతియైన అమెరికను బానిసనని, ఎక్కువ పాడినవారికి అమ్ముడుపోవుదునని పత్రికలో ప్రకటన వేయించినది. అట్టి మనిషి.

ఆమెకు గురుస్థానము హెన్రీ జార్జి. అభివృద్ధియు దారిద్ర్యమును కలసి యేల పెరుగుచున్నవని ప్రశ్నించి ఆయన 1879లో ఒక గ్రంథము ప్రకటించెను. టాల్‌స్టాయి మహాశయుడు దానికి ముగ్ధుడయ్యెను. ఆయన వాదము సంగ్రహముగా ఇది. మనుష్యుడు కట్టిన యిల్లు, పండించిన పంట, నేసిన బట్ట అతని కష్టఫలములు, అవి అతనివే. నేలను ఎవ్వడును చేయలేదు. దాని విలువ చుట్టునున్న జనుల వలన పెరుగును. ఊరి చివరనున్న బీడును ఒకడు కొని ఊరకుండును, రైలు స్టేషను వచ్చును, బడి వచ్చును, సంత వచ్చును, బీడు బంగారమగును. ఆ పెరిగిన విలువ కూర్చున్నవానిది గాక సంఘమునకు చెందవలెను. కనుక తక్కిన పన్నులన్నియు తీసివేసి, నేల విలువమీద మాత్రమే పన్ను వేయవలెను.

పటములోని అంకెలనే చూడుడు; మేష్టారు కాగితముమీద వేసి చూపిన లెక్క యిది. అన్నిటికంటె చౌకయైన ఓల్డ్ కెంట్ రోడ్డులో ఒక్కొక్క ఇల్లు 50 పౌనులు. మూడిండ్లు కట్టిన 150. అద్దె 90. మేఫేరులో ఒక్కొక్క ఇల్లు 200. మూటికి 600. అద్దె 1,400. కట్టుబడి నాలుగు రెట్లు. అద్దె పదునైదు రెట్లు! ఓల్డ్ కెంట్ రోడ్డు లెక్కనే యిచ్చినచో 600 పౌనుల కట్టుబడికి 360 రావలెను. మిగిలిన 1,040 ఇటుకలకు వచ్చినది కాదు, చోటునకు వచ్చినది. ఆ చోటును మేఫేరుగా చేసినది దాని యజమాని కాడు.

ఈ బోధను ఉపన్యాసములలో చెప్పి చెప్పి అలసిన మేగీ, దానిని పటముపై గీసినది. 1903లో దరఖాస్తు పెట్టగా 1904 జనవరి 5వ తేదీన ఆమెకు పేటెంటు లభించెను. భూస్వామి ఆటయని దానికి పేరు. మొదటి మూలకు భూమాతయని పేరిడినది. చుట్టి వచ్చినవానికి అచట శ్రమకు కూలిగా నూరు డాలర్లు దొరకును. వేరొక మూలలో లండనులో నివసించు ఒక ప్రభువుగారి యెస్టేటు. అందు కాలు పెట్టినవాడు అక్రమ ప్రవేశమునకు జైలు పాలగును. ఇంకొక మూలలో పేదల సత్రమును, ప్రజల ఉద్యానమును ప్రక్కప్రక్కన. ఈ పేర్లలోని పుల్లదనము మనవారికి విప్పి చెప్పనక్కరలేదు; శాశ్వత శిస్తు పద్ధతి క్రింద నూటయేబది సంవత్సరములు మనము చూచినదే. 1948లో మదరాసు రాజధానిలో జమీందారీల రద్దు శాసనము వచ్చెను. మేగీ మరణించినదియు ఆ సంవత్సరముననే.

ఆమె రెండు రకముల నియమములు వ్రాసెను. ఒక రకమున అద్దె భూస్వామికి పోవును. ఒకడు తక్కినవారిని ముంచి గెలుచును. రెండవ రకమున నేల అద్దె ప్రజల బొక్కసమునకు పోవును. అందరికంటె తక్కువ గలవాని సొమ్ము రెట్టింపైననాడు అందరును గెలిచినట్లు. ఒకే పటముమీద రెండును ఆడి చూచినవారు, పిల్లలైనను సరే, ఏది న్యాయమో తామే గ్రహింతురని ఆమె నమ్మకము.

లోకము మొదటి రకమునే పట్టుకొనెను.

ముప్పది యేండ్లపాటు ఈ ఆట అంగళ్ల వలన గాక చేతి వ్రాతల వలన వ్యాపించినది. హెన్రీ జార్జి మతావలంబులు 1900లో డెలవేరులో స్థాపించుకొన్న ఆర్డెను గ్రామములో దానిని ఆడిరి. స్కాట్ నియరింగు అను అర్థశాస్త్రోపాధ్యాయుడు పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున విద్యార్థులకు నేర్పెను. వారు గుడ్డమీదను, చెక్కమీదను గీసికొని, తమ ఊరి వీధుల పేర్లు వ్రాసికొనుచుండిరి. అట్లాంటికు నగరములోని క్వేకరులు తమ సముద్రతీరపు వీధులనెక్కించిరి. వేలముపాట కేకలు వారికి సరిపడవు. కనుక వీధులకు స్థిరమైన ధరలు వ్రాసిరి. నేటి ఆటకు ఇంచుమించు తుది రూపము వారి చేతులలోనే వచ్చెను.

వారినుండి నేర్చిన ఒకడు ఫిలడెల్ఫియాలో చార్లెసు డారో అను ఉద్యోగము పోయిన వర్తకునకు చూపెను. వ్రాతప్రతి యొకటి గీసి యిచ్చెను. ఆర్థికమాంద్యపు రోజులవి. డారో దానిని తన ఆటగా అమ్మజొచ్చెను. పార్కరు బ్రదర్సు అను ఆటల కంపెనీవారు 1934లో వలదనిరి. ఆ క్రిస్మసునకు అంగళ్లలో బాగుగా నమ్ముడుపోవుట చూచి 1935లో కొనిరి. నిరుద్యోగి యొకడు ఇంటిలో కూర్చుండి కల్పించినాడను కథ ఆటతోపాటు దేశమంతట అమ్ముడుపోయెను. డారో ధనవంతుడయ్యెను. నకలు చేసినవాని నకలులో ఒక తప్పు మాత్రము మిగిలిపోయెను. అట్లాంటికు నగరమునకు చేరువ మార్గేటు, వెంట్నరు అను రెండూళ్ల పేర్ల మొదళ్లు కలిపి ‘మార్వెన్’ గార్డెన్సు అను పేట యేర్పడినది. చేతి వ్రాతలో అది ‘మార్విన్’ అయ్యెను. డారో పటములోను మార్విన్. అచ్చులోను మార్విన్. పరీక్షలో ప్రక్కవాని కాగితము చూచి వ్రాసిన పిల్లవాడు తప్పుతో సహా వ్రాసి దొరకిపోవుట ఉపాధ్యాయులందరును ఎరిగినదే. మా మేష్టారు ఈ మాట విని తొడ చరచుకొనిరి.

మేగీ పేటెంటు కొత్తది 1924లో పొందినది ఇంకను అమలులో నుండెను. కంపెనీవారు 1935లో ఆమె యొద్దకు పోయి 500 డాలర్లకు దానిని కొనిరి. అమ్ముడుపోయిన పెట్టెలపై పాలు లేదు. తన ఆట వ్యాపించును గదాయని ఆమె యొప్పుకొనెను. ఆట వ్యాపించెను, పేరు డారోది, బోధ లేదు. 1936 జనవరిలో ఆమె తన పాత పటములను చేతబట్టుకొని వాషింగ్టను పత్రికలవారికి చూపి మొరపెట్టుకొనెను. చదివినవారు చదివిరి. 1939లో ఆమె మొదటి ఆటను గూడ కంపెనీవారు అచ్చువేసిరి గాని అది నిలువలేదు.

నిజము బయటపడుట మరియొక వ్యాజ్యము వలన. రాల్ఫ్ అన్‌స్పాక్ అను కాలిఫోర్నియా అర్థశాస్త్రాచార్యుడు 1973లో గుత్తల నెదిరించు ఆట యొకటి చేసి, ‘యాంటీ-మొనాపలీ’ యని పేరిడెను. కంపెనీవారు అభ్యంతరము చెప్పిరి. 1974లో వ్యాజ్యము మొదలాయెను. తన పక్షమును నిలుపుకొనుటకై వెదకుచు అన్‌స్పాక్ మేగీ పేటెంట్లను కనుగొనెను; 1930కి ముందు క్వేకరుల యిండ్లలో ఆడినవారిని వెదకి సాక్ష్యములు చెప్పించెను. నడుమ 1977లో క్రింది కోర్టులో ఓడినప్పుడు అతని ఆటపెట్టెలు సుమారు 40,000 మిన్నెసోటా రాష్ట్రమున చెత్తగుంటలో పూడ్చివేయబడినవి. అతడు విడువలేదు. 1982లో పై కోర్టు అతని పక్షమున తీర్పు చెప్పెను. 1983లో అత్యున్నత న్యాయస్థానము దానిని తిరిగి విచారింప నిరాకరించెను. మేగీ చనిపోయి అప్పటికి ముప్పదియైదేండ్లు.

మన యింటి వైకుంఠపాళికిని ఇట్టిదే గతి పట్టినది. సుగుణములు నిచ్చెనలు, దుర్గుణములు పాములు; ఏ పాపమునకు ఏ పతనమో గడిగడికిని వ్రాసియుండెను. అది పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండు చేరి, నానాటికి పేర్లు రాలిపోయి, వట్టి పాములు నిచ్చెనల ఆటగా దేశదేశములకు పోయెను. పటము ప్రయాణము చేయును. బోధ రేవులోనే దిగిపోవునేమో.

ఈ కథయంతయు నేను చెప్పుచుండగా బావ వినుచునే యుండెను. ఓడినవాడు చరిత్రను శ్రద్ధగా వినును. “అయితే ఆవిడ రెండో పద్ధతిలో ఒక్క ఆట వేద్దాం బావా,” అనెను.

ఆమె నియమముల పుస్తకము మా యొద్ద లేదు. మేష్టారు అప్పటికప్పుడు తగు మాత్రపు నియమమొకటి కుదిర్చిరి. ఓల్డ్ కెంట్ రోడ్డు లెక్కయే కొలత. కట్టుబడికి నూటికి అరువది చొప్పున యజమానికి; మిగిలినది నడుమ నున్న పళ్లెములోనికి. వైన్ స్ట్రీటులో మూడిండ్లుండి 600 అద్దె వచ్చినచో, 300 పౌనుల కట్టుబడికి 180 యజమానివి, 420 పళ్లెమునకు. ఎవరైన మొదటి మూలను దాటినప్పుడు పళ్లెములోని సొమ్ము నలుగురికిని సమముగా పంచవలెను.

అట్లు గంటన్నర యాడితిమి. ఎవ్వరును దివాలా తీయలేదు. ఖరీదైన వీధులకై ఎగబడుట తగ్గెను. చౌక వీధులలో ఇండ్లు ముందుగా లేచినవి. మేఫేరును కొనుమని మా యింటావిడ యెంత పిలిచినను వేలములో 200 దాటలేదు. ప్లీడరుగారు జైలులో కూర్చుండుటకు బదులు బయట తిరుగ మొదలుపెట్టిరి, ఎందుకనగా చుట్టు తిరిగినకొలది పళ్లెము పంచబడును. ఒకరి కాయ మేష్టారి వీధిలో దిగినప్పుడు తక్కినవారు సంతోషించిరి. పళ్లెము నిండినది గదా. ఇది నాకు వింతగా తోచెను. మొదటి ఆటలో కూడ పరుడు అద్దె కట్టినప్పుడు సంతోషించితిమి గాని, ఆ సంతోషము వేరు.

అయినను దాచుకొననేల? పదియున్నర అగునప్పటికి నాకు ఆవులింతలు వచ్చినవి. ప్లీడరుగారు గడియారము చూచుకొనిరి. మొదటి ఆటలో ఎఱ్ఱబడిన చెవులతో నిటారుగా కూర్చున్న బావ, ఇప్పుడు గోడకు చేరగిలబడి వక్క కొరుకుచుండెను.

“న్యాయంగానే ఉంది మేష్టారూ. కాని నేను ఒక్కసారైనా మిమ్మల్ని మేఫేరులో దింపకుండా పడుకుంటే నిద్రపట్టదు,” అనెను.

మేష్టారు కళ్లజోడు తుడుచుకొనిరి. “దింపుదువుగాని నాయనా. రేపు రాత్రి మొదటి పద్ధతిలోనే,” అని, నారింజ రంగు చీట్లు మూడును కట్టగా కట్టి పెట్టెలో అడుగున పెట్టిరి. బావ అది చూచెను. పెట్టె మూత వేయబోవుచున్న చెల్లెలి చేతిని ఆపి, నియమముల కాగితమును మడిచి తన జేబులో పెట్టుకొని లోపలికి పోయెను.